ఫ్లోరైడ్ ఊళ్ళలో పిప్పి పళ్ళు

(నల్లగొండ జిల్లాలోని ఒక పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల దంతవైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలను ఆడుకోనివ్వండి, నాకేమీ ఇబ్బంది లేదు. రోజంతా పిల్లల ఏడుపుల మధ్య పనిచేసేదాన్ని, ఈ అల్లరి నాకు సంగీతం.

ప్రధానోపాధ్యాయులు గారు ఫోను చేసి "పళ్ళ శుభ్రత గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అన్నారు. శుభ్రంగా ఉండాలని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. అందుకని ఈ జిల్లాలో తల్లులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటి తీసుకుంటాను. "మన నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కదా మేడం, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు? అది లేని పేస్టు చూసి మరీ కొంటున్నాం" అంటారు. ఆ మాట అంటున్న తల్లి ఒళ్ళో మూడేళ్ళ బిడ్డ ఉంటుంది. నోరు తెరిచి చూస్తే పైన ముందు పళ్ళు నాలుగూ పుచ్చి, చిగుళ్ళ దాకా విరిగి ఉంటాయి.

ఆ తల్లిని తప్పు పట్టలేను. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ హాలులో ఉంటే వాళ్ళకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పళ్ళు గారపట్టిన తాతలను, వంగిన నడుము నిటారుగా చేయలేని అమ్మమ్మలను చూస్తూ పెరిగారు. ఆ పేరు వింటే భయం వేయడం సహజం. అయితే ఆ భయం ఇప్పుడు మనుమల నోళ్ళలో వేరే నష్టం చేస్తోంది. ఈ సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే పట్టణంలో ప్రాక్టీసు పెట్టడానికి ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు వెళ్ళాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు మరకలు. అచ్చం మన గార పళ్ళే. అవి చూడటానికి బాగుండవు గానీ అంత తేలికగా పుచ్చడం లేదని కూడా ఆయన గమనించాడు. నీళ్ళలోనే ఏదో ఉందని అనుమానించాడు. అది ఫ్లోరైడ్ అని తేలడానికి 1931 దాకా పట్టింది. ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ఆయన ఊరూరా నీళ్ళూ పళ్ళూ పరీక్షించి, లీటరు నీటిలో సుమారు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నచోట పళ్ళు పెద్దగా గారపట్టవనీ, పుచ్చు మాత్రం బాగా తగ్గుతుందనీ తేల్చాడు. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణం తాగునీటిలో కావాలని ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. మనం వదిలించుకోలేక నానా తంటాలు పడుతున్నదాన్ని వాళ్ళు కొలిచి మరీ కలుపుకున్నారు. (నవ్వులు)

మన వైపు సంగతి చూడండి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ దెబ్బతినే జబ్బు, ఉందని 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించారు. ఆ తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి వైపు ఆ బాధ ఈనాటికీ ఉంది. ఇక మన నల్లగొండ. కింద ఉన్నదంతా గ్రానైటు రాయి. ఆ రాతి పొరల్లో నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు కూడా మన ఊరి పేరు పలుకుతారు. ఇలాంటి ప్రఖ్యాతి ఏ ఊరికీ వద్దు.

ఇప్పుడు చాలా ఇళ్ళకు మిషన్ భగీరథ పైపులో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. లేదా వాటర్ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుంటున్నారు. ఆర్‌ఓ యంత్రం నీటిలోని ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. అంటే తాత తాగిన నీళ్ళు వేరు, మనుమడు తాగుతున్న నీళ్ళు వేరు. ఒకే ఇంట్లో తాతకు గార పళ్ళు, మనుమడికి పిప్పి పళ్ళు. నీళ్ళలో ఫ్లోరైడ్ పోయింది, పేస్టులో మనమే మాన్పించాం, పొద్దున లేచిన దగ్గర నుంచి తీపి మాత్రం పెరిగింది. ఆ పసి పంటికి ఇక కాపు ఎవరు?

మింగిన ఫ్లోరైడ్ చేసే పని వేరు, పంటికి పూసిన ఫ్లోరైడ్ చేసే పని వేరు. బిడ్డ పుట్టినప్పటి నుంచి దవడ ఎముక లోపల శాశ్వత దంతాలు తయారవుతూ ఉంటాయి. ఆ సంవత్సరాల్లో ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళితే, తయారవుతున్న ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, సరిగా గట్టిపడదు. అదే గార. పన్ను బయటికి వచ్చాక పైన పూసిన కొద్దిపాటి ఫ్లోరైడ్ మాత్రం, లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి చేరడానికి సాయపడుతుంది. అలా బాగుపడిన ఎనామెల్ ఆమ్లానికి అంత త్వరగా లొంగదు. తాంబూలంలో సున్నం సంగతి మీకు తెలిసిందే. గోటి కొనంత రాస్తే ఆకు పండుతుంది, ముద్ద పెడితే నోరు పొక్కుతుంది. తప్పు సున్నానిది అంటామా?

లెక్క కావాలంటే అదీ చెబుతాను. పేస్టు డబ్బా మీద 1000 పీపీఎం అని ఉంటే, గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నట్టు. మన దేశంలో మామూలు టూత్‌పేస్టుకు చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు కూడా అదే. మూడేళ్ళలోపు బిడ్డకు బ్రష్షు మీద బియ్యపు గింజంత పేస్టు చాలు. అందులో ఉండేది దాదాపు 0.1 మిల్లీగ్రాము. రోజుకు రెండుసార్లు తోమి, బిడ్డ ఉమ్మకుండా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. అదే, లీటరుకు మూడు మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్ళు రోజుకు లీటరు తాగే బిడ్డ కడుపులోకి వెళ్ళేది మూడు మిల్లీగ్రాములు. పదిహేను రెట్లు. భయపడవలసింది దేనికో మీరే చెప్పండి. మూడు దాటి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. అంతే. టీవీ ప్రకటనలో బ్రష్షు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పేస్టు పాములా పరిచి చూపిస్తారు కదా, అది పేస్టు అమ్ముకునేవాళ్ళ కొలత. ఇంకొకటి, స్ట్రాబెర్రీ రుచి పేస్టును పిల్లలు జామ్ నాకినట్టు నాకేస్తారు. గొట్టం పిల్లలకు అందని చోట పెట్టి, పేస్టు మీరే వేయండి.

ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నవాళ్ళు ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అనుమతి. కాచితే పోతుంది అనుకోకండి. కాచినప్పుడు నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతా గిన్నెలోనే ఉంటుంది. ఆరేళ్ళలోపు పిల్లలకు తాగడానికీ వంటకూ కూడా నీళ్ళు మార్చాలి. పేస్టు మాన్పించి అవే నీళ్ళు తాగిస్తే ఆ పిల్లలకు రెండు విధాలా నష్టం.

సరే, పుచ్చు అసలు ఎలా వస్తుంది? పన్నులో పురుగు పడిందని, వాకుడుకాయ గింజల పొగ పట్టించి తీస్తామని ఊళ్ళలోకి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పురుగేదీ లేదు. పంటి మీది పాచిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవీ తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. అమెరికాలో స్టీఫన్ అనే శాస్త్రవేత్త 1940లలో దీన్ని కొలిచి చూపించాడు. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది, మళ్ళీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ తర్వాత లాలాజలం మరమ్మతు మొదలుపెడుతుంది. అంటే పంటికి కావలసింది విరామం. ఎంత తీపి తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం.

మన నాలుగేళ్ళ బిడ్డ రోజు చూద్దాం. పొద్దున లేవగానే పొడి కలిపిన పాలు, రెండు చెంచాల పంచదార అదనం. కాసేపటికి అందులోనే ముంచుకుని బిస్కెట్లు. బడికి వెళ్ళే దారిలో ఏడవకుండా చాక్లెట్. బడిలో ఎవరిదో పుట్టినరోజు, ఇంకో చాక్లెట్. సాయంత్రం తాతయ్య లాల్చీ జేబులోంచి నిమ్మ బిళ్ళ. చుట్టాలు వస్తే వాళ్ళు తెచ్చిన క్రీమ్ బిస్కెట్లు. రాత్రి పడుకునే ముందు మళ్ళీ తీపి పాలు. ఒక్కోసారి కొంచెమే పెట్టాం కదా అనుకుంటాం. కానీ ఆ పంటికి ఆమ్లం ఆరిన వేళ ఏది? ఇదే బిడ్డ దసరాకో సంక్రాంతికో అన్నంతో పాటు రెండు అరిసెలు తిని, నీళ్ళు తాగి లేస్తే నాకు పెద్ద బెంగ లేదు. నేను పండుగలకు అడ్డు రాను. (నవ్వులు) నా ఫిర్యాదు జేబులో ఉండే నిమ్మ బిళ్ళల మీద.

స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1940లలో ఒక ప్రయోగం చేశారు. బుద్ధిమాంద్యం ఉన్న రోగులకు, వాళ్ళ సమ్మతి లేకుండా, పళ్ళకు అతుక్కునే మిఠాయిలు పెట్టి చూశారు. ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోని పని అది, ఒప్పుకోకూడదు కూడా. ఆ నిస్సహాయుల పళ్ళు పాడుచేసి తెలుసుకున్నది ఏమిటంటే, భోజనంతో కలిపి తిన్న తీపి పెద్దగా పుచ్చు పెంచలేదు, భోజనాల మధ్య తిన్న జిగురు మిఠాయి విపరీతంగా పెంచింది.

బెల్లం మంచిదే కదా, తేనె ప్రకృతి సిద్ధమే కదా అని అడుగుతారు. పాచిలోని సూక్ష్మజీవికి ప్రకృతి వైద్యం పట్టింపు లేదు. దానికి బెల్లమైనా పంచదారైనా ఒకటే. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా పంచదార ఉంటుంది. దయచేసి అది మాన్పించకండి, బిడ్డ బరువుకు అది అవసరం. కాకపోతే వేళకు కలిపి తినిపించండి. గిన్నెలో పొడి పోసి చేతికిస్తే పూటంతా అద్దుకుని నాకుతూ తిరుగుతారు.

ఇప్పుడు నేను అసలు కోప్పడే విషయానికి వస్తాను. బుగ్గన పెట్టుకోవడం. ఎంతమంది ఇళ్ళలో ఉంది ఇది? (చాలా చేతులు లేచాయి.) ఫోనులో బొమ్మలు పెట్టి చేతికిస్తాం. బిడ్డ కళ్ళు అందులో ఉంటాయి, నోరు తెరుస్తుంది, ముద్ద పెడతాం, అది బుగ్గలోకి వెళ్ళి అక్కడే ఉంటుంది. నమలదు, మింగదు. గంటసేపు మెత్తటి అన్నం ముద్ద దవడ పళ్ళను అంటుకుని నానుతుంది. అన్నంలో తీపి ఎక్కడుంది అంటారా? లాలాజలంలోని రసాలు ఆ పిండిపదార్థాన్ని నోట్లోనే చక్కెరగా మారుస్తాయి. ఎక్కువసేపు నమిలిన అన్నం తియ్యగా అనిపిస్తుంది, మీరే చూడవచ్చు. తీపి తినని బిడ్డకు దవడ పళ్ళు ఎందుకు పుచ్చాయని ఆశ్చర్యపోయే తల్లులను నేను మొదట అడిగేది ఈ బుగ్గ సంగతే. అరగంటలో భోజనం అయిపోవాలి. తినకపోతే కంచం తీసేయండి. ఆకలైతే తర్వాతి పూట తింటుంది. నానమ్మలు నన్ను క్షమించాలి, ఈ ఒక్క విషయంలో నేను మీ మాట వినను.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డకు ఆ తీపి పాలు పై పళ్ళ చుట్టూ తెల్లవార్లూ నిలిచి ఉంటాయి. కింది పళ్ళను నాలుక కాపాడుతుంది, అందుకే ముందు పుచ్చేవి పైన ముందు పళ్ళు. తల్లిపాలు మాన్పించమని నేను చెప్పను, రెండేళ్ళ దాకా, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. పళ్ళు వచ్చాక మాత్రం రాత్రంతా రొమ్ము నోట్లో ఉంచుకుని నిద్రపోయే అలవాటును మెల్లగా తగ్గించాలి. సీసా పాలైతే పడుకునే ముందే తాగించి, పళ్ళు తోమి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి. జలుబు సిరప్పులు కూడా తియ్యగా ఉంటాయి, అవి కూడా తోమడానికి ముందే.

మన ఇళ్ళలో పళ్ళు తోముకోవడం పొద్దుటి ఆచారం. మొహం కడగనిదే కాఫీ ఇవ్వరు. ఆ పట్టుదలలో సగమైనా రాత్రికి చూపిస్తే నా దగ్గరకు వచ్చేవాళ్ళు చాలా తగ్గుతారు. రెండు పూటలా తోమాలి. ఏదో ఒక పూట తప్పేట్టుంటే అది పొద్దుట తప్పనివ్వండి, రాత్రి తప్పనివ్వకండి. ఆరో నెలలో మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మొదలుపెట్టాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమాలి. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేని చేతులు దవడ పళ్ళ వెనక ఎలా తోముతాయి? బిడ్డ తల మీ ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి చూస్తూ తోమండి, అన్నీ కనిపిస్తాయి. తోమాక ఉమ్మితే చాలు. చెంబెడు నీళ్ళు పుక్కిలిస్తే పూసిన ఫ్లోరైడ్ అంతా వాష్ బేసిన్‌లోకి పోతుంది. మన పుక్కిలింత అలవాటు మాన్పించడం కష్టమని నాకు తెలుసు.

వారానికి ఒకసారి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్ద గీత గీసినట్టు తెల్లటి చార కనిపిస్తే పుచ్చు మొదలైందన్నమాట. ఆ దశలో అది వెనక్కి మళ్ళుతుంది. ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూస్తాం, తిండి వేళలు సరిచేస్తాం. గోధుమ రంగుకు తిరిగి గుంట పడ్డాక అంత సులువు కాదు.

పాల పళ్ళే కదా, ఊడిపోతాయి అనే మాటకు సమాధానం చెప్పి ముగిస్తాను. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక ఉండే పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నుతో బిడ్డ ఇంకో ఏడేళ్ళు నమలాలి. ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి వచ్చేవాటికి చోటు ఉండదు. ఇంకో తికమక కూడా ఉంది. ఆరేళ్ళప్పుడు అన్ని పాల పళ్ళకూ వెనకగా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి అదీ పాల పన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండవలసినది. దాని పైభాగంలో లోతైన గాడులు ఉంటాయి, బ్రష్షు కుచ్చు అందులోకి దిగదు. వచ్చిన కొత్తలోనే ఆ గాడులను సీలెంట్ అనే పూతతో మూసేస్తాం. సూది లేదు, డ్రిల్లు లేదు, నొప్పి లేదు.

ఇక అడగండి.

(ఒక అమ్మమ్మ: మేము వేప పుల్లతోనే తోముకున్నాం. నాకు డెబ్బై దాటినా పళ్ళు గట్టిగానే ఉన్నాయి కదా తల్లీ?)

మీ పళ్ళు చూస్తుంటే నాకే అసూయగా ఉందమ్మా. కానీ మీ చిన్నప్పుడు ఇంటింటా క్రీమ్ బిస్కెట్లు లేవు. వేప పుల్ల వాడండి, తప్పులేదు. పసివాళ్ళకు అది చాలదు, దవడ లోపలికి అందదు, అందులో ఫ్లోరైడూ లేదు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దే వద్దు, ఎనామెల్ అరిగిపోతుంది.

(ఒక తల్లి: మా పాపకు మూడున్నరేళ్ళు. ముందు పళ్ళు ఇప్పటికే పుచ్చాయి. కుర్చీలో కూర్చోబెడితే భయపడి ఏడుస్తుంది.)

సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉందమ్మా. డ్రిల్లు లేకుండా ఒక చుక్క అద్దితే చాలావరకు పుచ్చు అక్కడ ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టకూడదు. నొప్పి, చీము లేకపోతేనే అది పనికొస్తుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా చూపించండి. డబ్బు ఇబ్బంది ఉంటే, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాన్ని అడగండి, పళ్ళ జబ్బులు కూడా వాళ్ళ జాబితాలో ఉన్నాయి. వాళ్ళు పెద్దాసుపత్రికి రాసి ఇస్తారు.

(ఒక తండ్రి: మా వాడికి ఆరు నిండాయి. వెనక ఏదో కొత్త పన్ను వచ్చినట్టుంది. మీరు చెప్పినది అదేనా?)

అయి ఉండవచ్చు. ఇక్కడ వెలుతురు చాలదు. బాబును ఆ కిటికీ దగ్గరకు తీసుకురండి, చూద్దాం. ఇంకెవరి పిల్లలకైనా ఆరేళ్ళు దాటి ఉంటే వాళ్ళ వెనకే వరుసగా రండి.